అటొకటి, ఇటొకటి

మార్చి నాలుగో తేదీ, సోమవారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై ఆరు నిమిషాలకు నేను ఫోన్‌లో ఒక ప్రశ్న రాసి పంపాను. నాలుగు మాటల ప్రశ్న. నాలుగు ఇరవై ఏడుకే జవాబు వచ్చింది. ప్రశ్నలో తప్పు లేదు. జవాబులోనూ తప్పు లేదు. ఆ రెండూ కలిసి మా వదినెను ఒక హాల్టు ప్లాట్‌ఫాం మీద ఒంటరిగా నిలబెట్టాయి.

వదినె అంటే మా ఆయనకు అక్క. డెబ్బై ఏడేళ్ళు. మా ఆయన పోయినప్పటి నుంచి లాలాగూడ ఇంట్లో మేమిద్దరమే ఉంటున్నాం. ఆమెకు ఒక అక్క ఉంది, పెద్ద వదినె. సికింద్రాబాద్ నుంచి ప్యాసింజరులో రెండుంపావు గంటల దూరంలో చిన్న ఊళ్ళో ఉంటుంది. ఆమెకు చూపు పోయి పదకొండేళ్ళు. ఆ పదకొండేళ్ళుగా ప్రతి గురువారం వదినె రైలెక్కి వెళ్ళి, వారపత్రికలో వచ్చే సీరియల్ నవల ఆమెకు చదివి వినిపించి వస్తుంది. తోడుగా నేను. జ్వరాలకూ పెళ్ళిళ్ళకూ కరోనాకూ మానేసిన వారాలు తీసేస్తే, ఐదు వందల పన్నెండు ప్రయాణాలు.

ఈ చదువుడుకు అక్కాచెల్లెళ్ళిద్దరూ పెట్టుకున్న నియమం ఒకటుంది. పత్రిక మంగళవారమే ఇంటికి వచ్చినా వదినె సీరియల్ పేజీ విప్పదు. గురువారం అక్క ముందు కూర్చున్నాకే విప్పాలి. కథలో ఏం జరిగిందో ఇద్దరికీ ఒకేసారి తెలియాలి. "నేను ముందుగాల జదువుకుని పోతే అది వార్తలు జెప్పినట్టుంటది, కథ జదివినట్టుండదు" అంటుంది వదినె. ఫోన్‌లో చదవమని నేను రెండుసార్లు సలహా ఇచ్చాను. రెండుసార్లూ నన్ను ఎగాదిగా చూసింది.

వదినెకు షుగరు ఉంది. బీపీకి వేసుకునే మాత్ర ఒంట్లో నీళ్ళన్నీ బయటికి లాగేస్తుంది. కాబట్టి యాభై నిమిషాలు. అంతకు మించి ఆమె ఓపలేదు. బస్సెక్కితే డ్రైవరును ఆపమని అడగాలి, అడగడం కన్నా చావే నయమంటుంది. కారెక్కితే కార్ఖానా చౌరస్తా దాటకముందే వాంతి. మిగిలింది ప్యాసింజరు. వెనక నుంచి మూడో పెట్టెలో, లోపలి గడియ సరిగ్గా పడే బాత్రూం పక్కన, కిటికీ వైపు సీటు. పదకొండేళ్ళు ఆ గడియ మీద ఆధారపడి ఒక కథ తర్వాత ఒక కథ నడిచింది.

ఆ ప్యాసింజరును తీసేసి కొత్త డీజిల్ బండి వేస్తున్నారన్న వార్త నాకు గ్రూపులో తెలిసింది.

గ్రూపు గురించి చెప్పాలి. నేను ముప్పై మూడేళ్ళు రైల్వే బడిలో లెక్కలు చెప్పాను. రైలు ఒక స్తంభాన్ని దాటడానికి పట్టే కాలమెంత అన్నది నా జీవితంలో నేను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న. చాలామంది పిల్లలు పరీక్ష అయిపోగానే దాన్ని మరచిపోయి బాగుపడ్డారు. కొందరు ఇప్పటికీ స్తంభం పక్కనే నిలబడి లెక్కపెడుతున్నారు. అలాంటివాడొకడు, ఇప్పుడు నలభై ఆరేళ్ళవాడు, రైళ్ళంటే పిచ్చి ఉన్నవాళ్ళందరినీ ఒక ఫోన్ గ్రూపులో చేర్చాడు. ప్యాసింజరు ఏ గురువారం ఏ స్టేషనుకు ఎన్నింటికి వచ్చిందో నేను నోటుబుక్కుల్లో రాసి పెట్టుకుంటానని తెలిసి నన్నూ చేర్చాడు. నలభై ముగ్గురిలో నేనొక్కదాన్నే ఆడదాన్ని.

కొత్త బండి ఫోటో వచ్చిన రోజు నుంచి తొమ్మిది రోజుల్లో మూడు వందల పద్దెనిమిది సందేశాలు వచ్చాయి. తీరిక ఉంది కాబట్టి విడదీసి లెక్కపెట్టాను. శబ్దం గురించి తొంభై నాలుగు. పాత ఇంజను గుడగుడ వింటే కడుపు నిండేదనీ, ఇది పిండిగిర్నీలా మోగుతుందనీ ఒక వర్గం. పిండిగిర్నీ శబ్దానికేం తక్కువని ఇంకో వర్గం. రంగు గురించి డెబ్బై ఒకటి. నీలం గీత రెండంగుళాలు కిందికి ఉండాల్సిందని ఒకాయన అలిగి గ్రూపులోంచి వెళ్ళిపోయి, నలభై నిమిషాలకు తిరిగొచ్చాడు. పేరు గురించి అరవై. జనం దీన్ని పుష్‌పుల్ అంటారు, అనకూడదట. విడిగా ఇంజను ఉండి, పోయేటప్పుడు లాగి వచ్చేటప్పుడు నెడితేనే పుష్‌పుల్. ఇంజను పెట్టెలోనే ఇమిడి ఉంటే డెమూ. పుష్‌పుల్ అన్న ప్రతి ఒక్కరినీ సరిదిద్దడానికి ఒక మనిషి ప్రత్యేకంగా మేలుకొని ఉండేవాడు. ముందు భాగం ముఖంలా ఉందా, మిక్సీలా ఉందా అని ముప్పై ఎనిమిది. ఇంజను శక్తి గురించీ, అది ఒక వైపు ఉంటుందా రెండు వైపులా ఉంటుందా అన్న దాని గురించీ యాభై రెండు. సీట్ల గురించి మూడు.

బాత్రూం గురించి సున్నా.

కాబట్టి నేనే అడగాలి. నలభై ఇద్దరు మగవాళ్ళున్న చోట, అందులో నా శిష్యులు ఏడుగురున్న చోట, డెబ్బై నాలుగేళ్ళ నేను ఆ మాట విప్పి రాయలేకపోయాను. ముప్పై మూడేళ్ళు పిల్లలు చిటికెన వేలెత్తి నన్ను అడిగిన మాటే వాడాను. టీచర్, ఒకటికి. ఈ దేశంలో బడికి పోయిన ఏ తెలుగువాడికైనా అది అర్థం కావాలి.

"కొత్త బండిలో ఒకటికి ఉందా?" అని రాశాను.

ఆ సాయంత్రం గ్రూపులో ఇంజను ఒకటా రెండా అన్న తగాదా మంచి ఊపు మీద ఉంది. నా ప్రశ్న సరిగ్గా దాని మధ్యలో పడింది. గ్రూపు పెట్టిన శిష్యుడే వెంటనే జవాబిచ్చాడు.

"ఒకటి కాదు టీచర్, రెండున్నయ్! అటొకటి, ఇటొకటి."

నేను 'కి' రాశాను. వాడు 'కి' చదవలేదు. ముసలావిడ టైపింగులో జారిపోయిన అక్షరం అనుకున్నాడు. నాకేమో ఆ జవాబులో ఎక్కడా లోటు కనబడలేదు. పాత పెట్టెల్లోనూ అంతే కదా, అటొకటి ఇటొకటి. నోటుబుక్కులో రాసుకొని, తేదీ వేసి, వంటింట్లోకి వెళ్ళి వదినెకు చెప్పాను.

"పక్కానా?" అంది వదినె. చేతిలో సకినాల పిండి ఉంది.

"పక్కా. రెండున్నాయట."

"గడియలు సక్కగున్నయా?"

"కొత్త బండి వదినె. గడియలు కూడా కొత్తవే ఉంటాయి."

"ఇర్వై అయిదు నిమిషాలు జల్ది పోతదట గద. ముందుగాల పోయి ఏంజెయ్యాలె? అక్క స్నానం సుత గాదు అప్పటికి." అయినా సంతోషపడింది. సీరియల్‌లో ఇంకా రెండు భాగాలే మిగిలాయి. అందులో మొగుణ్ణి వదిలి వెళ్ళిపోయిన మనిషి తిరిగొస్తుందా రాదా అని అక్కాచెల్లెళ్ళు నాలుగు నెలలుగా ఫోన్‌లో వాదించుకుంటున్నారు.

ఏడో తేదీ గురువారం ఏడు గంటల పది నిమిషాలకు కొత్త బండి కదిలింది. మొదటి రోజు కాబట్టి బంతిపూల దండలు వేశారు. మా గ్రూపు వాళ్ళు పందొమ్మిది మంది ఎక్కారు. ఒకరు పాత ప్యాసింజరును తలచుకొని నల్ల బ్యాడ్జీ పెట్టుకున్నారు, దాంతోనే కొత్త బండి ముందు నిలబడి ఫోటో దిగారు. మేము నాలుగో పెట్టెలో కూర్చున్నాం. వదినె చేతిసంచిలో పత్రిక, పక్కన స్టీలు డబ్బాలో సకినాలు.

ఏడు యాభై రెండుకు వదినె నా మోచేతిని తాకింది.

"ఏడున్నదే?"

"చూసి వస్తా" అని లేచాను. ముందు వైపు నడిచాను. ఒక్కో పెట్టె దాటుతున్నకొద్దీ చప్పుడు పెరిగింది. చివరికి మూసి ఉన్న ఇనుప తలుపు వచ్చింది. దాని ముందు నా శిష్యుడు చెవి ఆనించి, కళ్ళు మూసుకొని, కచేరీ వింటున్నట్టు నిలబడి ఉన్నాడు.

"ఇది తీస్తారా?" అని అడిగాను.

"ఇదా? ఎవ్వరికీ తియ్యరు టీచర్. లోపల ఇంజన్ ఉంటది. ఏం సౌండ్ ఉందో వినుండ్రి!"

"మరి రెండున్నాయన్నావు?"

"రెండోది వెనకకున్నది టీచర్. అటొకటి, ఇటొకటి. మీరే అడిగిన్రు గద, ఒకటే ఉన్నదా అని?"

నేను ఆ ఇనుప తలుపును కొంతసేపు చూశాను. ఎంతసేపో రాసుకోలేదు. నా నోటుబుక్కులో సమయం లేని ఒకే ఒక్క సంగతి అది.

తిరిగొచ్చేసరికి వదినె సీటు అంచు మీదికి జరిగి ఉంది. నా ముఖం చూసి కిటికీ వైపు తిరిగింది. ఎనిమిది ఐదుకు బండి ఒక హాల్టు దగ్గర నెమ్మదించింది. కిటికీలోంచి టికెట్ల గది, దాని వెనక మరుగుగా ఒక గోడ కనిపించాయి.

"దిగి పోయొస్త" అంది. "ఎంతసేపుంటదే ఈడ?"

ఇక్కడ నా తప్పు ఉంది. ఇంకెవరి మీదికీ నెట్టను. టైంటేబులులో ఆ హాల్టుకు రాసింది ఒక్క నిమిషం. కానీ నా దగ్గర ఐదు వందల పన్నెండు ప్రయాణాల సగటు ఉంది. మూడు నిమిషాల యాభై సెకన్లు. టైంటేబులు అబద్ధం, నా నోటుబుక్కు నిజం అని గ్రూపులో నేనే ఎన్నోసార్లు రుజువు చేశాను.

"నాలుగు నిమిషాలు ఉంటుంది. నిదానంగా వెళ్ళు" అన్నాను. తోడు దిగబోతే, "సంచి, డబ్బా ఎవరు జూస్తరు? నువ్వుండు" అంది. సంచి మాత్రం అలవాటుగా భుజానికే తగిలించుకొని దిగింది. నేను తలుపు దగ్గర నిలబడి గడియారం చూశాను.

పాత బండి అక్కడ నాలుగు నిమిషాలు ఎందుకు ఆగేదో నాకు తెలుసు. వెనక పెట్టెలోకి పాల క్యాన్లు ఎక్కించేవారు. అవి ఎక్కేదాకా గార్డు పచ్చజెండా ఊపేవాడు కాదు. కొత్త బండిలో క్యాన్లకు చోటు లేదు. ఆ రోజు ప్లాట్‌ఫాం మీద ఒక్క క్యాను కూడా లేదు. అది నా కంటికి కనబడుతూనే ఉంది. నేను పదకొండేళ్ళు నిమిషాలు లెక్కపెట్టాను, క్యాన్లు లెక్కపెట్టలేదు.

యాభై ఐదు సెకన్లకు బండి కదిలింది.

"వదినే!" అని అరిచాను. పక్క తలుపుల దగ్గర నిలబడ్డ మా వాళ్ళు, "పికప్ జూడరా! పికప్!" అంటూ చప్పట్లు కొట్టారు. చైను నా తల మీదే ఉంది. కారణం లేకుండా లాగితే జరిమానా అని దాని కింద రాసి ఉంది. ఇది కారణమో కాదో నేను తేల్చుకునే లోపల బండి నాలుగు స్తంభాలు దాటింది. రైలు స్తంభాన్ని దాటడానికి పట్టే కాలం ఎంత తక్కువో ఆ రోజు తెలిసింది.

తర్వాతి స్టేషను తొమ్మిది నిమిషాలకు వచ్చింది. దిగి, ఆటో మాట్లాడుకొని వెనక్కి వచ్చేసరికి ఎనిమిది యాభై ఆరు. వదినె సిమెంటు బెంచీ మీద సంచి ఒళ్ళో పెట్టుకొని కూర్చుని ఉంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆమె పట్టాల వైపే చూస్తూ మాట్లాడింది.

"రెండున్నయంటివి, ఒక్కటి లేదు. నాలుగు నిమిషాలంటివి, ఒక్కటి లేదు. అన్ని ఏండ్లు పిల్లలకేం జెప్పినవే టీచరమ్మా?"

నేను గడియారం ఉన్న చేతిని కొంగు కింద దాచుకున్నాను.

అంతలో సంచిలో ఫోన్ మోగింది. పెద్ద వదినె. ఆమె గొంతు పెద్దది, నాకూ వినబడింది. "తొమ్మిదాయె, ఏడిదాకొచ్చిన్రే? నేను అరుగు మీద కూసున్న!"

వదినె గొంతు సవరించుకుంది. "బండి రాలే అక్కా" అంది. "ఇయ్యాల బండి తియ్యలేదంట."

పూలదండలతో, పందొమ్మిది కెమెరాలతో, ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా నడిచిన బండి గురించి ఆ రోజు వెలువడిన అభిప్రాయాల్లో అదొకటి. నోటుబుక్కులో అది కూడా రాశాను.

ఆటోలో రోడ్డు మీదికి వచ్చి, బస్సులో ఇల్లు చేరాం. నడుమ రెండు చోట్ల దిగాం. ఆ దిగడాలెలా జరిగాయో వదినె ఎవరికీ చెప్పొద్దంది, చెప్పను. సకినాల డబ్బా కొత్త బండిలోనే ఉండిపోయింది.

సాయంత్రం గ్రూపు తెరిస్తే వీడియోలు. ఒకదాని కింద "పికప్ జూడుండ్రి అన్నా" అని రాసి ఉంది. ఇరవై ఆరుగురు బొటనవేళ్ళు ఎత్తారు. నలభై ఒకటో సెకనులో, టికెట్ల గది మూల నుంచి, తెల్లచీర కట్టుకున్న ఒక మనిషి వస్తుంది. బండిని చూసి ఆగిపోతుంది. పరిగెత్తలేదు, చెయ్యి ఊపలేదు. సంచిని భుజం మీదికి లాక్కుంది, అంతే. నలభై తొమ్మిదో సెకనుకు చుక్కంత అయిపోయింది. ఎనిమిది సెకన్లు. పికప్ నిజంగానే బాగుంది.

ఆ వీడియో కిందే రాశాను, ఈసారి విప్పి. "నేను నాలుగో తేదీన అడిగింది బాత్రూం గురించి. ఈ బండిలో బాత్రూం లేదు. మీ వీడియోలో నలభై ఒకటో సెకనులో కనబడుతున్నది మా వదినె."

ఒకాయన, "ఇది దగ్గరి దూరాల డిజైన్ మేడం, ఇందుల పెట్టరు" అని రాశాడు. ఇంకొకాయన, "పెడితే బరువు పెరుగుతది, పికప్ తగ్గుతది" అన్నాడు. మూడో ఆయన పాత పెట్టెల బాత్రూంల వాసన గుర్తుచేసి, అది పోవడమే మంచిదన్నాడు. దాంతో పాత పెట్టెలా కొత్త పెట్టెలా అన్న తగాదా మళ్ళీ మొదలైంది. ఎవరో పుష్‌పుల్ అన్నారు. వెంటనే సరిదిద్దారు. శిష్యుడు మాత్రం విడిగా "సారీ టీచర్, 'కి' జూస్కోలే" అని పంపాడు. మార్కులు వేయాల్సి వస్తే ఆ ఒక్కదానికే వేస్తాను.

రాత్రి కాకముందే ఒక ఫోన్ వచ్చింది. గ్రూపులో ఉన్న రిటైర్డ్ డ్రైవరు. మౌలాలి వైపు ఉంటాడని తెలుసు, ఎప్పుడూ మాట్లాడింది లేదు.

"మేడం, మీరు ఆనాడే అడిగింది నాకు సమజైంది" అన్నాడు.

"అర్థమైతే ఎందుకు చెప్పలేదు?"

"నలభై మంది మొగోళ్ళ నడుమ, ఆడామె అడిగిన ముచ్చట... నేనెట్ల విప్పి జెప్పాలె? ఇంకెవరన్న చెప్తరనుకున్న."

నాకు కోపం రావాలి. కానీ నేను కూడా అందుకే విప్పి అడగలేదు కదా.

"ఇంజన్ల ఎన్నడన్న బాత్రూం జూసిన్రా మేడం?" అన్నాడు కాసేపాగి. "ముప్పై ఒక్కేండ్లు నడిపిన. డ్యూటీ ఎక్కే ముందు నీళ్ళు తాగకపోతుంటి. రిటైరైన నాడు శాలువా కప్పిన్రు, డాక్టరేమో కిడ్నీల రాయి ఉందన్నడు. రెండూ ఇంట్ల భద్రంగ ఉన్నయ్." నవ్వాడు. "ఈ పోరగాళ్ళు ఇంజన్ శబ్దం నాకే వినిపిస్తరు మేడం. ఎంత బాగున్నదో జెప్పమంటరు. ఏం జెప్పాలె? అది ఇన్నప్పుడల్లా నాకు ఒకటే యాదికొస్తది."

ఏం గుర్తొస్తుందో నేను అడగలేదు. ఇద్దరం మర్యాదగా ఫోన్ పెట్టేశాం.

తర్వాతి గురువారం వదినె తయారు కాలేదు. ఆ తర్వాతదీ అంతే. నేను ఉపాయాలు చెప్పాను. నీళ్ళు తగ్గించుకుంటే? మాత్ర ఆ పూటకు ఆపితే? హాల్టులో దిగి తర్వాతి బండికి వెళ్తే? తర్వాతి బండి సాయంత్రం ఐదుకు. "నీ లెక్కలు జెర పక్కన వెట్టు" అంది. ఆ మాట కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. మిగిలిన రెండు భాగాలున్న పత్రికలు రెండూ దేవుడి అల్మారాలో, విప్పని పేజీలతో, ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. వాటిని దాటి అగరొత్తులు తీసుకునేది. చదవలేదు. ఒకరోజు నేను దుమ్ము దులుపుతున్నట్టు ఒకటి చేతిలోకి తీసుకుంటే, వంటింట్లోంచే, "అక్కడ వెట్టు" అంది.

జూన్ ఆరో తేదీ, అది కూడా గురువారమే, పది గంటల పద్దెనిమిది నిమిషాలకు పెద్ద వదినె ఫోన్ చేసింది.

"ఎన్నొద్దులు జూడాలె చెల్లె? ఆ బండి ఎప్పుడు తీస్తరో ఏమో. పక్కింటామెతోని చదివించుకున్న. ఆమె గబగబ చదువుతది, నడుమ నడుమ ఇడిసిపెడతది. అయినా అయిపోయింది. ఆ పిల్ల వాపస్ రాదంటనే. నువ్వన్నదే అయింది."

"అట్లనా" అంది వదినె.

మోకాళ్ళ నొప్పుల గురించి కాసేపు మాట్లాడి పెట్టేసింది. మధ్యాహ్నం పాత కాగితాలు కొనేవాడు కేకేసుకుంటూ వస్తే, అల్మారాలోంచి రెండు పత్రికలూ తెచ్చి అతని తక్కెట్లో పెట్టింది. విప్పని పేజీలు విప్పకుండానే పోయాయి.

ఆ రోజు కూడా కొత్త బండి సరైన సమయానికే నడిచిందని గ్రూపులో రాశారు. నేను సరిచూడలేదు. పాత నోటుబుక్కు ఐదు వందల పన్నెండు దగ్గర ఆగి ఉంది. ఐదు వందల పదమూడు అని వేసిన అంకె పక్కన, "హాల్టు వరకు" అని ఉంది.

పోయినవి:

స్టీలు డబ్బా ఒకటి, మూతతో సహా. అందులో సకినాలు పన్నెండు.

'కి' అనే అక్షరం ఒకటి.

గురువారాలు పద్నాలుగు, మార్చి ఏడుతో కలిపి, జూన్ ఆరు వరకు.

సీరియల్ చివరి భాగాలు రెండు.

నేను నిమిషాలు చెబితే వదినె గడియారం చూసుకోకుండా నమ్మే అలవాటు ఒకటి.